నక్షత్ర తాబేలు ‘అలవాటైపోయింది’ అనుకుంటున్నారా? ఒకసారి ఇది చదవండి

ఇంట్లో ఉంటే బర్కత్ అని ఎవరో చెప్తారు. పిల్లాడు ముచ్చటపడ్డాడని ఇంకెవరో కొనిస్తారు. ఊరి నుంచి వస్తూ సంచిలో వేసుకుని తెచ్చిచ్చే బంధువులూ ఉంటారు. అలా నల్లటి డిప్ప మీద నక్షత్రాల్లా విచ్చుకున్న పసుపు గీతలతో ఒక చిన్న తాబేలు ఇంట్లోకి వస్తుంది. మొదటి రెండు రోజులు తల బయటపెట్టదు. వారం దాకా ఏమీ ముట్టదు. ఆ తర్వాత ఒక కీరా ముక్క కొరుకుతుంది. “చూశారా, అలవాటైపోయింది” అని ఇంటిల్లిపాదీ సంబరపడతారు.

మూడు నాలుగు నెలలకు, ఒక్కోసారి ఏడాదికి, ఓ పొద్దున అది కదలదు. “నిన్నటిదాకా బానే ఉంది కదా, ఏమైందో ఏమో” అనుకుంటారు. చాలాసార్లు అది నిన్నటిదాకా కూడా బాగా లేదు. ఇంటికి వచ్చిన రోజు నుంచే నీరసిస్తూ వచ్చింది. మన కంటికి ఆనలేదు, అంతే.

అడవిలో పుట్టి పెరిగిన పాములు, బల్లులు, తాబేళ్ల లాంటి సరీసృపాలను పట్టి తెచ్చి నాలుగు గోడల మధ్య ఉంచితే వాటికి ఏమవుతుంది? మనం ‘అలవాటు’ అనుకునేది నిజంగా అలవాటేనా? మన ప్రాంతంలో ఎక్కువగా దొంగ రవాణాకు గురవుతున్న నక్షత్ర తాబేలునే తీసుకుని చూద్దాం.

ఇది ఎక్కడిది?

నక్షత్ర తాబేలు నీళ్లలో బతికేది కాదు. నేల మీద బతికేది. ఈ ఒక్క విషయం తెలియకే ఎంతోమంది దాన్ని నీళ్ల బకెట్లో, చేపల తొట్టిలో వేస్తారు. దానికి ఈత రాదు. లోతు నీళ్లలో వేస్తే మునిగి చచ్చిపోతుంది.

దీని సొంత ఊళ్లు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి గుజరాత్, రాజస్థాన్, పాకిస్తాన్‌లోని సింధ్ వైపు. రెండోది ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడుల్లోని మెట్ట ప్రాంతాలు. మూడోది శ్రీలంక. ముళ్ల పొదలు, గడ్డి బీళ్లు, రాళ్ల గుట్టల అంచులు దీని ఇల్లు. గడ్డి, ఆకులు, పూలు, రాలిన పండ్లు, నాగజెముడు మట్టలు దీని తిండి. ఎండ ముదిరితే పొద కింద దూరి పడుకుంటుంది. పొద్దునా సాయంత్రం తిరుగుతుంది. వానలు పడ్డాయంటే హుషారొస్తుంది. తిండికీ జత కట్టడానికీ అదే దాని సీజను.

వాన కోసం, ఎండ కోసం, నీడ కోసం అది రోజూ తనంతట తానే చోటు మారుతుంది. దాని ఒంట్లో జరిగే ప్రతి పనీ ఈ తిరుగుడు మీదే ఆధారపడి ఉంది. మనం ఇంట్లో దాని నుంచి మొట్టమొదట తీసేసుకునేది దీన్నే.

ఇంటికి చేరేలోపే సగం పని అయిపోతుంది

దొంగ రవాణాలో తాబేళ్లు ఎలా వస్తాయో పోలీసులు, కస్టమ్స్ అధికారులు పట్టుకున్న ప్రతిసారీ వార్తల్లో చూస్తూనే ఉన్నాం. కాళ్లూ తలా బయటికి రాకుండా టేపు చుట్టి, గుడ్డల్లో మూటగట్టి, సూట్‌కేసుల్లో ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. పట్టిన చోటి నుంచి గోదాముకి, అక్కడి నుంచి ఏజెంటుకి, ఆ తర్వాత అంగడికి. రోజుల తరబడి నీళ్లుండవు. ఆరోగ్యంగా ఉన్నదీ రోగంతో ఉన్నదీ ఒకే సంచిలో ఉంటాయి.

ఈ వ్యాపారం చిన్నదేం కాదు. దేశంలోని ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను అడవుల నుంచి పట్టుకెళ్లారని 2015లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అంగట్లో కొనేవాడికి కనిపించేది చివరిదాకా బతికి వచ్చిన ఒక్క తాబేలే. దారిలో పోయినవి ఏ లెక్కలోనూ ఉండవు.

కాబట్టి మన చేతికొచ్చేసరికే అది దాహంతో ఎండిపోయి, భయపడి, పక్కదాని రోగం అంటించుకుని ఉండే అవకాశం ఎక్కువ.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మొదటిది వేడి. మన ఒంటి వేడిని మన శరీరమే తయారు చేసుకుంటుంది. తాబేలుకు అది చేతకాదు. బయటి వేడే దాని వేడి. ఏసీ గదిలో, చల్లటి టైల్స్ మీద ఉంచితే దాని ఒళ్లు చల్లబడుతుంది. ఒళ్లు చల్లబడితే తిన్నది అరగదు, రోగాలతో పోరాడే శక్తి తగ్గుతుంది. మనకేమో “పాపం, బుద్ధిగా ఓ మూల కూర్చుంది” అనిపిస్తుంది. అది చలికి మొద్దుబారిపోవడం. అలాగని తొట్టిలో పెట్టి మిట్టమధ్యాహ్నం మేడ మీద వదిలేసినా ప్రమాదమే. నీడకు పోయే దారి లేకపోతే కాసేపట్లోనే వడదెబ్బకు చచ్చిపోతుంది.

రెండోది ఎండ. సూర్యరశ్మిలోని అతినీల లోహిత కిరణాలు ఒంటి మీద పడితేనే దాని శరీరం విటమిన్ డీ3 తయారు చేసుకోగలదు. ఆ విటమిన్ ఉంటేనే తిన్న కాల్షియం ఎముకలకూ డిప్పకూ అందుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో వెలుతురు ఉంటుంది కానీ పనికొచ్చే ఆ కిరణాలు దాదాపుగా ఉండవు. నెలల తరబడి ఇలా గడిస్తే డిప్ప మెత్తబడుతుంది, కాళ్లు వంకర పోతాయి, నడక తడబడుతుంది.

మూడోది తిండి. ప్రేమకొద్దీ మనం పెట్టే అన్నం, బ్రెడ్డు, చపాతీ ముక్కలు, బిస్కెట్లు దాని కడుపు కోసం పుట్టినవి కావు. పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ ఉన్న ఎండు గడ్డికీ ఆకులకూ అలవాటు పడ్డ కడుపు అది. రోజూ కీరా, టమాటా పెడితే నీళ్లు తప్ప ఒంటికి పట్టేది పెద్దగా ఉండదు. పాలకూర మంచిదే కదా అని అదొక్కటే పెట్టినా ఇబ్బందే. అందులోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటికి పట్టనివ్వవు.

నాలుగోది పురుగులు. అడవిలో ప్రతి తాబేలు కడుపులోనూ కొన్ని నులిపురుగులు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నంత కాలం అవి అదుపులో ఉంటాయి. పైగా అడవిలో అది విసర్జించిన చోట మళ్లీ తినదు, ముందుకు సాగిపోతుంది. ఇంట్లో చిన్న అట్టపెట్టెలో తిండీ మలం ఒకే చోట. తన పురుగుల గుడ్లను తానే మళ్లీ మళ్లీ మింగుతుంది. అసలే భయంతో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. పురుగులు పెరిగిపోతాయి.

ఇక్కడొక హెచ్చరిక. పశువులకూ కుక్కలకూ వాడే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు తాబేళ్లకు విషం. పక్షవాతం వచ్చి చచ్చిపోతాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేసే పని ఎంతమాత్రం చేయకూడదు.

ఐదోది ఊపిరి. ముక్కులోంచి నీరు, బుడగలు, నోరు తెరిచి గాలి పీల్చడం ఇవన్నీ ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు. తాబేలుకు మనలా ఊపిరి పీల్చడానికి సాయపడే కండరపు పొర లేదు. గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి నెట్టడం దానికి రాదు. అందుకే చిన్న జలుబుగా కనిపించేది నిమోనియా దాకా పోతుంది.

మరి వెంటనే ఎందుకు తెలియదు?

అడవిలో నీరసంగా కనిపించిన జంతువు వేటగాడి నోట్లో పడుతుంది. అందుకే రోగాన్ని దాచుకోవడం ఈ జీవుల స్వభావం. పైగా వీటి ఒంట్లో అన్ని పనులూ నెమ్మదిగానే జరుగుతాయి. వారాల తరబడి తిండి లేకున్నా ఒంట్లో నిల్వ ఉన్నదాంతో నెట్టుకొస్తాయి. కుక్కకో పిల్లికో జబ్బు చేస్తే రెండు రోజుల్లో పసిగడతాం. తాబేలు విషయంలో మనకు తెలిసేసరికి నెలలు గడిచిపోతాయి.

మొదట్లో డిప్పలోకి ముడుచుకున్నది ఇప్పుడు ముడుచుకోవడం లేదంటే, మనుషులంటే భయం పోయిందని కావచ్చు. ముడుచుకునే ఓపిక కూడా లేదని కావచ్చు. ఆ రెండింటికీ తేడా చూసి చెప్పడం కష్టం. బరువు తూచాలి, మలం పరీక్ష చేయించాలి, సరీసృపాలు తెలిసిన వెటర్నరీ డాక్టరుకు చూపించాలి.

తెలిసినవాళ్లు ఎలా అలవాటు చేస్తారు?

జూల్లో, రెస్క్యూ కేంద్రాల్లో అడవి నుంచి వచ్చిన తాబేళ్లను నిలబెట్టే పద్ధతి వేరుగా ఉంటుంది. అందులో ముద్దు చేయడం అన్న మాటే ఉండదు.

వచ్చిన వెంటనే తిండి పెట్టరు. ముందు నీళ్లు. గోరువెచ్చటి నీటిని గడ్డం తడిసేంత లోతు పోసి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు అందులో నిలబెడతారు. తల పైకే ఉంటుంది. ఎండిపోయిన ఒంటికి నీరు పట్టాక, మూత్రపిండాలు పనిచేయడం మొదలయ్యాక తిండి సంగతి. ఆకలితో ఎండిన ఒంటికి ఒక్కసారిగా కడుపు నిండా పెడితే అదే ప్రాణం మీదికి వస్తుంది.

తర్వాత క్వారంటైన్. కోవిడ్ పుణ్యమా అని ఈ మాట మనకు కొత్తేం కాదు. కొత్తగా వచ్చినవాటిని పాతవాటితో కలపరు. సాధారణంగా రెండు మూడు నెలలు విడిగా ఉంచుతారు. వేరే గిన్నెలు, వేరే బ్రష్షులు. పాతవాటి పని అంతా అయ్యాకే కొత్తవాటి దగ్గరికి వెళ్తారు.

ఉండే చోటులో ఒక మూల వెచ్చగా, ఇంకో మూల చల్లగా ఉండేలా చూస్తారు. వెచ్చటి మూల 32 నుంచి 35 డిగ్రీలు, చల్లటి మూల 25 డిగ్రీల దగ్గర. ఎక్కడ ఉండాలో తాబేలే ఎంచుకుంటుంది. దాక్కోవడానికి ఆకులో, బోర్లించిన పెంకో, పొదో తప్పనిసరి. కనబడకుండా పోయే వీలుంటేనే దాని భయం తగ్గుతుంది. ఎత్తడం, తిప్పడం, ఫొటోలు తీయడం ఉండదు. బరువు తూచడానికి, మందు వేయడానికి మాత్రమే ముట్టుకుంటారు.

మొదట అడవిలో తిన్నలాంటి గడ్డి, పూలు, నాగజెముడు ముక్కలు పెడతారు. తినడం మొదలుపెట్టాకే వేరేవి కలుపుతారు. వారం వారం బరువు రాస్తారు. మలం పరీక్షలో ఏ పురుగు కనిపించిందో చూసి దానికి తగ్గ మందు మాత్రమే, బరువును బట్టి వేస్తారు.

ఇంత చేసినా కొన్ని బతకవు. శిక్షణ ఉన్నవాళ్ల చేతుల్లోనే ఇలా ఉంటే, వరండాలో అట్టపెట్టె పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు.

సింగపూర్ నుంచి తిరిగొచ్చిన తాబేళ్లు

అడవికి తిరిగి పంపడం కూడా తేలిక కాదు. గతంలో సింగపూర్‌లో పట్టుబడిన మన నక్షత్ర తాబేళ్లను తిరిగి భారత్‌కు, హైదరాబాద్‌కు పంపించారు. వాటిని ఏ అడవిలో వదలాలన్నది అప్పుడు పెద్ద ప్రశ్న అయ్యింది. ఒక ప్రాంతపు తాబేళ్లను ఇంకో ప్రాంతంలో వదిలితే వంశాలు కలిసిపోతాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు వాటి డీఎన్ఏ పరీక్షించి, అవి ఎక్కడివో ఆరా తీశారు. ఆ ఫలితాలు 2006లో ప్రచురితమయ్యాయి.

2018 నవంబరులో మరో 51 నక్షత్ర తాబేళ్లు సింగపూర్ నుంచి బెంగళూరుకు విమానంలో వచ్చాయి. వాటిని దించగానే అడవిలో వదిలేయాలని ఎవరూ అనుకోలేదు. ముందు క్వారంటైన్, ఆ తర్వాత అడవిలోనే కంచె వేసిన చోట కొన్నాళ్లు ఉంచి, సొంతంగా తిండి వెతుక్కోవడం మళ్లీ అలవాటయ్యాక కంచె తీయడం అన్నది ఆ పని నడిచే తీరు. పట్టుకోవడానికి ఒక్క నిమిషం. వెనక్కి పంపడానికి నెలలు, ఏళ్లు.

ఇంట్లో పిల్లలుంటే

తాబేళ్ల కడుపులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండటం మామూలు. అది తాబేలుకు ఏమీ చేయకపోవచ్చు. మనిషికి మాత్రం విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి తెప్పిస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, ఇంట్లో పెద్దవాళ్లకు ముప్పు ఎక్కువ. భయంతో, ఒత్తిడితో ఉన్న తాబేలు ఈ బ్యాక్టీరియాను మలంలో ఇంకా ఎక్కువగా వదులుతుంది. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది.

పిల్లలు చిన్న తాబేళ్లను పట్టుకుని, అదే చేయి నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారనే అమెరికాలో 1975లోనే నాలుగు అంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దాని తొట్టిని వంటింటి సింకులో గానీ, వుజూ చేసే చోట గానీ కడగకూడదు.

చట్టం ఏమంటోంది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్షత్ర తాబేలును పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం నేరం. ఇంతకుముందు ఇది నాలుగో షెడ్యూల్‌లో ఉండేది. 2022లో చట్టాన్ని సవరించి మొదటి షెడ్యూల్‌లోకి తెచ్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు నేరం రుజువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. “నాకు తెలియదు, గిఫ్ట్‌గా వచ్చింది” అన్న మాట కోర్టులో కాపాడుతుందని అనుకోవద్దు. 2019లో అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ కూడా దీన్ని అత్యధిక రక్షణ ఉన్న మొదటి జాబితాలో చేర్చింది. గల్ఫ్‌లో ఉన్న బంధువులకు సరదాగా తీసుకెళ్దామన్నా ఎయిర్‌పోర్టులోనే కేసు అవుతుంది.

అంగట్లో దొరికే ఇగువానా, బాల్ పైథాన్ లాంటి విదేశీ జంతువుల సంగతి వేరు. వాటికి 2024లో వచ్చిన నిబంధనల కింద కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. అక్కడా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది ఫారంలో పుట్టిందా, అడవి నుంచి పట్టి తెచ్చిందా? ఫారంలో గుడ్డు పగిలి పుట్టిన పిల్లకు మనుషులూ తొట్టీ మొదటి నుంచీ తెలుసు. అడవి నుంచి తెచ్చినదానికి పైన చెప్పిన కష్టాలన్నీ ఉంటాయి. కాగితాలు చూపించలేని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది.

దీన్ ఏం చెబుతోంది?

జంతువులను పెంచడం ఇస్లాంలో తప్పు కాదు. అబూ ఉమైర్ అనే పిల్లవాడు ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడని, అది చనిపోయినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) అతన్ని ఆప్యాయంగా పలకరించారని హదీసుల్లో ఉంది. పక్షుల్ని పెంచుకోవచ్చనడానికి ఉలమా దీన్ని ఆధారంగా చూపిస్తారు. కానీ షరతు ఉంది. దాని తిండి, నీరు, సుఖం మన పూచీ. పిల్లిని బంధించి, తిండి పెట్టకుండా, బయట తినడానికీ వదలకుండా చంపిన స్త్రీ శిక్షకు గురైందన్న హదీసు మన పిల్లలకూ తెలుసు.

ఆమె నిర్లక్ష్యం చేసింది. మనం ప్రేమతోనే పెంచుతున్నాం అనొచ్చు. కానీ దానికి ఏం కావాలో తెలియకుండా చూపే ప్రేమ తాబేలు ఆకలి తీర్చదు. గూట్లోంచి పిల్లల్ని తీసుకొచ్చినప్పుడు తల్లి పిట్ట పడిన బాధ చూసి, వాటిని తిరిగి దానికి ఇచ్చేయమని ప్రవక్త (స) ఆదేశించిన సంఘటన కూడా హదీసుల్లో ఉంది. ఇంట్లో ఇప్పటికే తాబేలు ఉన్నవాళ్లు దాన్ని గుర్తుచేసుకోవచ్చు. ఇక బర్కత్ మాటంటారా, దాన్ని ఇచ్చేది అల్లాహ్. అట్టపెట్టెలో ఉన్న ప్రాణి కాదు.

ఇప్పటికే ఇంట్లో ఉంటే ఏం చేయాలి?

రాత్రికి రాత్రే తీసుకెళ్లి చెరువులో వదిలేయకండి. అది మునిగిపోతుంది. ఊరి బయట పొదల్లో వదిలినా తప్పే. ఇంట్లో అంటించుకున్న జబ్బును అక్కడి తాబేళ్లకు పంచుతుంది. పైగా అది అక్కడిదో కాదో మనకు తెలియదు. ఇంకొకరికి అమ్మినా, ఇచ్చినా అది మరో నేరం.

దగ్గర్లోని అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకో, జూ అధికారులకో చెప్పి అప్పగించండి. వన్యప్రాణి మన చేతికొస్తే 48 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌కో, అధికారికో తెలియజేయాలని చట్టం చెబుతోంది. ఆ గడువు దాటిపోయి భయంగా ఉంటే తెలిసిన వకీలు సాబ్‌ను ఒక మాట అడిగి వెళ్లండి. ఆలస్యం చేసేకొద్దీ మీకూ దానికీ ఇద్దరికీ ఇబ్బందే.

అప్పగించేదాకా గాలి ఆడేలా రంధ్రాలు పెట్టిన పొడి అట్టపెట్టెలో, కింద పాత కాగితాలో గడ్డో పరిచి, వెచ్చగా, చీకటిగా ఉండే చోట ఉంచండి. గోరువెచ్చటి నీటిలో గడ్డం మునగనంత లోతున పావుగంట నిలబెట్టండి, పక్కనే ఉండి చూడండి. పెడితే గరికో, మందార పూలో, తోటకూర ఆకులో పెట్టండి. మందులు మాత్రం ఏవీ వేయకండి.

వెళ్లేటప్పుడు పిల్లలను కూడా వెంట తీసుకెళ్లండి. నక్షత్ర తాబేలు ముప్పై ఏళ్లకు పైగా బతకగల జీవి అని చెప్పండి. సరిగ్గా చూసుకుంటే, వాళ్లకు పిల్లలు పుట్టే నాటికి కూడా అది ఎక్కడో ఒక గడ్డి బీడులో తిరుగుతూ ఉంటుందని చెప్పండి. చాలామంది పిల్లలు ఆ మాటకు ఒప్పుకుంటారు.